కంప్యూటర్‌కి క్లీనర్ అక్కర్లేదు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో రిటైరైన మాస్టార్లున్నారు, వెనక డిగ్రీ పిల్లలున్నారు, కిటికీ పక్కన మన డీటీపీ సెంటర్ల వాళ్ళున్నారు. ఎవరి పని వాళ్ళదే అయినా అందరి నోటా నాకు వినపడే మాట ఒకటే: "సిస్టం స్లో అయిందండీ, ఏదైనా మంచి క్లీనర్ ఉంటే చెప్పండి." క్లీనర్ అంటే కంప్యూటర్‌లో చెత్త తీసేసి వేగం పెంచుతానని చెప్పే ప్రోగ్రాం. ఇవాళ ఆ మాటకే జవాబు చెప్తాను. మీకు ఏ క్లీనరూ అక్కర్లేదు. ఇప్పటికే వేసుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి తీసేయొచ్చు. ఊరికే అనడం లేదు, కారణాలు చెప్తాను.

అమెరికాలో ఆఫీస్ డిపో అని చాలా ఊళ్ళలో షాపులున్న పెద్ద కంపెనీ ఉంది. కంప్యూటర్ పట్టుకెళ్తే ఉచితంగా "పీసీ హెల్త్ చెక్" చేసేవాళ్ళు. ఆ ప్రోగ్రాంని తయారుచేసి ఇచ్చింది సపోర్ట్ డాట్ కామ్ అనే ఇంకో కంపెనీ. స్కాన్ మొదలయ్యే ముందు షాపులో ఉద్యోగి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. పాప్-అప్‌లు ఎక్కువ వస్తున్నాయా? ఈమధ్య స్లో అయిందా? వైరస్ ఉందని హెచ్చరికలు వస్తున్నాయా? మాటిమాటికీ క్రాష్ అవుతోందా? వీటిలో ఏ ఒక్కదానికి మీరు అవునన్నా ఆ గడిలో టిక్ పెడతాడు. తర్వాత స్కాన్ నడుస్తుంది. చివర్లో "మాల్వేర్ లక్షణాలు కనపడ్డాయి" అని తెర మీద వస్తుంది. మాల్వేర్ అంటే వైరస్ లాంటి హానిచేసే ప్రోగ్రాం.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. స్కాన్‌లో ఏం దొరికిందన్న దానితో ఆ ఫలితానికి సంబంధమే లేదు. మొదట్లో పెట్టిన టిక్ చూసి ఆ ప్రోగ్రాం చివర్లో ఆ వాక్యం చూపిస్తుంది, అంతే. స్లోగా ఉందనే కదా మనిషి షాపుకి తెచ్చుకున్నాడు, అవుననక ఏమంటాడు? అవునన్నవాడికల్లా మాల్వేర్ లక్షణాలే. ఆ తర్వాత రిపేరు పేరుతో 300 డాలర్ల దాకా కట్టించుకున్నారు. 2016లో సియాటిల్‌లో ఒక టీవీ చానెల్ వాళ్ళు అప్పుడే పెట్టె విప్పిన కొత్త కంప్యూటర్లు ఈ షాపులకి తీసుకెళ్ళారు. వాటిలోనూ మాల్వేర్ లక్షణాలున్నాయని చెప్పారు! ఆ కథనం వచ్చాక ప్రోగ్రాం వాడకం ఆపేశారు. 2019 మార్చిలో వినియోగదారులను మోసాల నుంచి కాపాడే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకుని రెండు కంపెనీలూ కలిపి 3.5 కోట్ల డాలర్లు కట్టాయి.

ఇంటర్నెట్‌లో దొరికే క్లీనర్లూ చాలావరకు ఈ పద్ధతిలోనే బతుకుతాయి. వెతకడం ఉచితం, బాగుచెయ్యడానికి డబ్బు. అలాంటప్పుడు "మీ కంప్యూటర్ బాగానే ఉంది" అని అది ఎప్పుడైనా చెప్తుందా? చెప్తే దానికి రూపాయి రాదు. అందుకే ఎవరు స్కాన్ చేసినా ఎర్ర అక్షరాల్లో వందల కొద్దీ సమస్యలు. 2024 మార్చిలో సైప్రస్‌కి చెందిన రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు కంపెనీలు ఇలాంటి ఆరోపణల మీదే అదే కమిషన్‌తో 2.6 కోట్ల డాలర్లకు రాజీకొచ్చాయి. విండోస్ నుంచే వచ్చినట్టు కనపడే హెచ్చరికలు చూపించి జనాన్ని భయపెట్టారన్నది కేసు. ఐదేళ్ళు గడిచినా పద్ధతి మారలేదు చూడండి.

సరే, ఆ వందల సమస్యలు ఏమిటి? అవి నిజంగా ఉన్నాయా అని మీరు అడగొచ్చు. కొన్ని ఉంటాయి. కాకపోతే అవి సమస్యలు కావు.

రిజిస్ట్రీ అని వింటుంటారు. విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు అది. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాంల తాలూకు వివరాలు కొన్ని అందులో మిగిలిపోతాయి. మనం కూర్చున్న ఈ గ్రంథాలయాన్నే తీసుకోండి. పుస్తకం పోయినా దాని కేటలాగ్ కార్డు డ్రాయర్‌లో ఉండిపోయిందనుకుందాం. అలాంటి కార్డులు నాలుగు వందలు తీసి పారేస్తే మీరడిగిన పుస్తకం తొందరగా దొరుకుతుందా? దొరకదు. పోనీ ఆ తీసేవాడు తొందరలో ఉన్న పుస్తకం కార్డు కూడా లాగేస్తే? అప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. క్లీనర్ రిజిస్ట్రీలో చెయ్యిపెట్టినప్పుడు జరిగేదీ అదే. లాభం కంటికి కనపడదు, నష్టం మాత్రం ఒక్కోసారి విండోస్ మళ్ళీ వేసుకునే దాకా పోతుంది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. పైగా వాటివల్ల వచ్చే ఇబ్బందులకు తన బాధ్యత లేదని రాసి మరీ పెట్టింది.

ఇక ర్యామ్ బూస్టర్లు. ర్యామ్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంలు పెట్టుకునే తాత్కాలిక జ్ఞాపకం. నొక్కగానే "1.2 జీబీ ఖాళీ చేశాం" అని చూపిస్తాయి. అది నిజమే కూడా. నడుస్తున్న ప్రోగ్రాంలను ర్యామ్‌లోంచి బలవంతంగా బయటికి నెడితే ఖాళీ కనపడక ఏమవుతుంది? మరుక్షణం మీరు బ్రౌజర్ మీద క్లిక్ చేస్తే దానికి కావలసినవన్నీ మళ్ళీ లోపలికి రావాలి. ఆ కాస్త ఆలస్యం మీ నెత్తినే పడుతుంది. ర్యామ్‌ని వీలైనంత వాడుకోవడమే విండోస్ పని. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల మనకి ఒరిగేదేమీ లేదు.

ఈ వ్యాపారం ఇప్పటిది కాదు. 1995లో సిన్‌క్రోనిస్ అనే కంపెనీ సాఫ్ట్‌ర్యామ్ 95 అని అమ్మింది. కొత్త చిప్ పెట్టక్కర్లేదు, ఇది వేస్తే ర్యామ్ రెట్టింపవుతుందన్నారు. ర్యామ్ చాలా ఖరీదైన రోజులవి, లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. నిపుణులు విప్పి చూస్తే విండోస్ 95లో అది ర్యామ్‌ని పెంచడానికి చేస్తున్నది ఏమీ లేదు. 1996లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. డిగ్రీ పిల్లలూ, మీరు పుట్టకముందే ఈ మోసం బయటపడింది. అయినా ఇవాళ "ర్యామ్ బూస్టర్" అని వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తాయి.

టెంపరరీ ఫైళ్ళ మాటేమిటంటారా, వాటిని తియ్యడం వల్ల సీ డ్రైవ్‌లో చోటు వస్తుంది, అది నిజం. ఆ పని విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సిస్టం, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ చూడండి. ఒక్క జాగ్రత్త: ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" అని కూడా ఉంటుంది. తొందరపడి దానికి టిక్ పెట్టారో, మీరు దాచుకున్న ఆధార్ కాపీలూ, కరెంటు బిల్లులూ కూడా పోతాయి. పక్కనే స్టోరేజ్ సెన్స్ అని ఉంటుంది. దాన్ని ఆన్‌లో పెడితే ఈ శుభ్రం అదే చేసుకుంటుంది.

ఇప్పుడు నన్ను బాగా కలవరపెట్టే సంగతికి వస్తాను. క్లీనర్లలో ప్రపంచమంతా నమ్మిన పేరు సీక్లీనర్. లండన్‌లో పిరిఫార్మ్ అనే కంపెనీ తయారుచేసింది. మొదట్నుంచీ ఉచితంగా దొరికేది. 2017 జులైలో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ దాన్ని కొన్నది. ఆ ఆగస్టు 15న 5.33 వెర్షన్ వచ్చింది. దాని 32-బిట్ ప్రోగ్రాంలో ఎవరో దొంగచాటుగా మాల్వేర్ కలిపేశారు. అది ఏ దొంగ సైట్‌లోంచో వచ్చింది కాదు. కంపెనీ సొంత సర్వర్లలోంచే, ఇది మాదేనని రుజువు చూపే కంపెనీ డిజిటల్ సంతకంతోనే వచ్చింది. నెల తిరిగాక సెప్టెంబర్ 18న సంగతి బయటపడింది. 22.7 లక్షల కంప్యూటర్లలోకి అప్పటికే చేరిపోయింది. దాడి చేసినవాళ్ళ అసలు గురి మాత్రం ఇంటెల్, శాంసంగ్, సోనీ లాంటి పెద్ద కంపెనీల నెట్‌వర్కులు. వాళ్ళనుకున్న ఆ కొద్ది కంప్యూటర్లలోకి మాత్రమే రెండో దశ మాల్వేర్ పంపారు. అందువల్ల మామూలు జనం బతికిపోయారు.

ఆ 22.7 లక్షల మందీ తప్పేం చేశారు? అసలు సైట్ నుంచే తెచ్చుకున్నారు. సంతకం సరిగ్గానే ఉంది. అప్‌డేట్ కూడా చేసుకున్నారు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ్నుంచి డౌన్‌లోడ్ చెయ్యాలి" అన్నది కాదు, "ఇది నాకు కావాలా" అన్నది. ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చెయ్యొచ్చా" అని విండోస్ అడుగుతుంది కదా. మనం చదవకుండా ఎస్ నొక్కుతాం. ఆ ఒక్క నొక్కుతో మీ బ్యాంకు పాస్‌వర్డు టైప్ చేసే కంప్యూటర్ మీద దానికి పూర్తి పెత్తనం ఇచ్చేసినట్టే. మీకు నిజంగా పనికొచ్చే ప్రోగ్రాంకి ఇవ్వండి. క్లీనర్‌కి ఎందుకు?

సరే, కావలసినవి ఉంటాయి కదా. వీడియోలకి వీఎల్‌సీ కావాలి, జిప్ ఫైళ్ళకి సెవెన్ జిప్ కావాలి, టైపింగ్‌కి లిబ్రే ఆఫీస్ కావాలి. వీటిని తెచ్చుకునేటప్పుడు కాళ్ళకు తగిలే ముళ్ళు ఎక్కడున్నాయో చూద్దాం.

గూగుల్‌లో పేరు కొడతారు. అన్నిటికన్నా పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. దాని మీద చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" అని ఉంటుంది. 2022 చివర్లో వీఎల్‌సీ, సెవెన్ జిప్, ఓబీఎస్ లాంటి పేర్లతో దొంగ సైట్ల ప్రకటనలు పైకి తెచ్చి, వాటి ద్వారా పాస్‌వర్డులు దోచే మాల్వేర్ పంచారు. ఆ డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఏకంగా "వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడండి" అని, అంటే ప్రకటనలను అడ్డుకునేది పెట్టుకోమని జనానికి సలహా ఇచ్చింది. అంచేత స్పాన్సర్డ్ అన్న దాన్ని దాటి కిందికి రండి, సైట్ అడ్రసు అక్షరం అక్షరం చదవండి. వీఎల్‌సీ అడ్రసు వీడియోలాన్ డాట్ ఆర్గ్. సెవెన్ జిప్‌ది ఏడు అంకె, అడ్డగీత, జిప్, డాట్ ఆర్గ్. అడ్డగీత లేకుండా చివర కామ్ అని ఉంటే అది వేరే సైట్.

వీఎల్‌సీ విషయంలో మన దేశంలో ఒక విచిత్రం జరిగింది. 2022 ఫిబ్రవరి ప్రాంతంలో వీడియోలాన్ సైట్ మన దగ్గర తెరుచుకోవడం ఆగిపోయింది. ప్రభుత్వం బ్లాక్ చేసింది. ఎందుకో ఆ సంస్థకి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళు ఇంటర్నెట్ ఫ్రీడం ఫౌండేషన్ సాయంతో లీగల్ నోటీసు పంపాక నవంబర్‌లో తెరిచారు. ఈలోగా జనం ఏం చేస్తారు? అసలు సైట్ రాకపోతే రెండోది, మూడోది నొక్కుతారు. జనాన్ని భద్రంగా ఉండమని చెప్పాల్సినవాళ్ళే అసలు సైట్ దారి మూసేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో వెతకండి. వీఎల్‌సీ అక్కడా ఉంది, లిబ్రే ఆఫీస్ కూడా ఉంది.

డౌన్‌లోడ్ సైట్లని ఉంటాయి, వేల ప్రోగ్రాంలు ఒకేచోట పెట్టేవి. వాటిలో పేరున్నవి కూడా మనల్ని దెబ్బతీశాయి. డౌన్‌లోడ్ డాట్ కామ్ 2011లో ఎన్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రాంకి తన సొంత ఇన్‌స్టాలర్ తొడిగి, దాంతోపాటు టూల్‌బార్లు అంటించింది. తయారుచేసినాయన బహిరంగంగా గొడవ చేశాడు. 2015లో సోర్స్‌ఫోర్జ్ అనే ఇంకో డౌన్‌లోడ్ సైట్, ఫొటోలు దిద్దే ఉచిత ప్రోగ్రాం గింప్ విషయంలో అదే పని చేసింది. సోర్స్‌ఫోర్జ్ చేతులు మారాక 2016లో ఆ పద్ధతి ఎత్తేశారు. అసలు తయారీదారు సైట్‌కే వెళ్ళమని నేను మొత్తుకునేది ఇందుకే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర ఎలా ఉంటుందో చెప్తాను, రేపు మీకు కనపడితే గుర్తుపడతారు. రెండు గుండ్రాలు ఉంటాయి. ఒకటి "ఎక్స్‌ప్రెస్", పక్కన "రికమెండెడ్" అని ముద్దుగా ఉంటుంది. రెండోది "కస్టమ్", బూడిద రంగులో, నొక్కడానికి వీల్లేనట్టు కనపడుతుంది. కానీ నొక్కితే తెరుచుకుంటుంది. అందులో ముందే టిక్ పెట్టేసి ఉన్న గడులు బయటపడతాయి: ఫలానా క్లీనర్ వెయ్యాలి, ఫలానా సెర్చి పేజీ పెట్టాలి అని. ఆ టిక్కులన్నీ తీసేయండి. "డిక్లైన్" అని అడిగితే డిక్లైన్ నొక్కండి, భయం లేదు, మీరు కోరుకున్న ప్రోగ్రాం ఆగిపోదు. చాలామంది దగ్గర క్లీనర్లు చేరేది ఇలాగే. "నేను వెయ్యలేదండీ, దానంతటదే వచ్చింది" అంటారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు.

డీటీపీ తమ్ముళ్ళతో కాస్త విడిగా మాట్లాడాలి. పేజ్‌మేకర్, ఫొటోషాప్, తెలుగు ఫాంట్లు. మీ దగ్గర ఇవి ఎలా వచ్చాయో నేను అడగను. కొనకుండానే ప్రోగ్రాం నడిపించే దొంగ ఫైల్, అదే క్రాక్, దాంతో పాటు వచ్చే నోట్‌ప్యాడ్ ఫైల్ మీరందరూ చూసే ఉంటారు. అందులో మొదటి వాక్యం ఏమిటి? "ముందు యాంటీవైరస్ ఆపండి." కాపలావాణ్ణి పంపించేసి తలుపు తియ్యమని లోపలికొచ్చేవాడే చెప్తున్నాడు, మనం తీస్తున్నాం. స్టాప్ లేదా డీజేవూ అనే రాన్సమ్‌వేర్ ప్రధానంగా ఈ క్రాకుల్లో, దొంగ సీరియల్ నంబర్లు ఇచ్చే కీజెన్‌లలోనే వ్యాపించింది. అది పడితే ఫైళ్ళన్నిటికీ తాళం పడుతుంది. 980 డాలర్లు కట్టమంటుంది, 72 గంటల్లోపు మాట్లాడితే సగం అంటుంది. పెళ్ళి కార్డుల డిజైన్లూ, సగంలో ఉన్న సావనీరూ, కస్టమర్ల ఫొటోలూ అన్నీ పోతాయి. పాతరకం వాటిలో కొన్నిటికి ఎమ్సిసాఫ్ట్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ వాళ్ళు 2019లో ఉచితంగా విప్పే పరికరం ఇచ్చారు. కొత్తవాటిలో చాలావాటికి విప్పే దారి లేదు.

ఫాంట్ల కోసమైనా ఈ తిప్పలు మానుకోండి. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సూరన్న, ధూర్జటి, పెద్దన, గిడుగు, సురవరం, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్న తెలుగు యూనికోడ్ ఫాంట్లు. శుభలేఖ దగ్గర్నుంచి కరపత్రం దాకా అన్నిటికీ పనికొస్తాయి. ఇంకోటి, ఫాంట్ ఫైల్ చివర టీటీఎఫ్ అనో ఓటీఎఫ్ అనో ఉంటుంది. ఫాంట్ అని చెప్పి ఈఎక్స్ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాం ఫైల్, ఇచ్చారంటే అక్కడే ఆగిపోవాలి. విండోస్ ఈ చివరి అక్షరాలను మామూలుగా దాచేస్తుంది. "పంచాంగం.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అనే ఫైల్ మీకు "పంచాంగం.పీడీఎఫ్" లాగే కనపడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ నొక్కి, విండోస్ 11 అయితే అందులో షో కూడా నొక్కి, "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఆన్ చేసుకోండి. ఇవాళ నేను చెప్పినవాటిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను.

మరి సిస్టం నిజంగానే స్లోగా ఉంటే? ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ అనే చోట కంప్యూటర్ ఆన్ చెయ్యగానే మొదలయ్యేవన్నీ ఉంటాయి. అక్కర్లేనివి డిసేబుల్ చెయ్యండి. తీసేసినట్టు కాదు, కావాలంటే మీరే తెరుచుకోవచ్చు. మీ కంప్యూటర్‌లో ఇప్పటికీ తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్, పెట్టించండి. ఏ క్లీనరూ ఇవ్వలేని తేడా అది ఒక్కటే ఇస్తుంది. సీపీయూ ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే వేడెక్కి నెమ్మదిస్తుంది. శుభ్రం చెయ్యాల్సింది నిజంగా ఏదైనా ఉందంటే ఆ దుమ్మే. వైరస్ కాపలాకి విండోస్ 8 నుంచీ డిఫెండర్ లోపలే ఉంది. 2018 మార్చి నుంచి భయపెట్టి కొనిపించే క్లీనర్లను కూడా అది అవాంఛిత సాఫ్ట్‌వేర్ లెక్కన తీసేస్తోంది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ అనే చోట "రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్" అని ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్ల కోసం విడిగా ఏదీ వెయ్యొద్దు, విండోస్ అప్‌డేట్ తెస్తుంది. లేదంటే మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ ఉంది.

అడగాల్సినవి ఉంటే అడగండి. చెప్పండి మాస్టారూ.

(ఒక శ్రోత: కింద కుడిమూలన "మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లున్నాయి" అని రోజూ వస్తోంది. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యలేదు.)

మీరు ఇన్‌స్టాల్ చెయ్యలేదు మాస్టారూ, వైరస్ కూడా ఉండకపోవచ్చు. ఎప్పుడో ఏదో సైట్‌లో "అలౌ" నొక్కి ఉంటారు. అది మీకు నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి. అక్కడ్నుంచి అది పంపే ప్రకటన అది. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా వస్తుంది. తెలియని పేరు ఏది కనపడినా తీసేయండి. ఆగిపోతుంది. ఆ ప్రకటన మీద మాత్రం నొక్కకండి, అందులో ఫోన్ నంబరుంటే అసలు చెయ్యకండి.

(ఒక విద్యార్థిని: ఫోన్లో కూడా ఇంతేనా సార్?)

ఫోన్లో ఇంకా అక్కర్లేదమ్మా. ర్యామ్ సంగతి ఆండ్రాయిడ్ చూసుకుంటుంది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లు నిషేధించినప్పుడు అందరం టిక్‌టాక్ గురించే మాట్లాడుకున్నాం. ఆ జాబితాలోనే క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, వైరస్ క్లీనర్ కూడా ఉన్నాయి. ఎంతమంది ఫోన్లలో ఉండేవో గుర్తుందా? ఇక వాట్సాప్‌లో చలానా అనో, పీఎం కిసాన్ అనో, బ్యాంకు రివార్డులనో ఏపీకే ఫైల్, అంటే ఫోన్లో యాప్ వేసే ఫైల్, వస్తే ఎవరు పంపినా నొక్కొద్దు. మీ మావయ్య నంబరు నుంచే రావొచ్చు, ఆయన ఫోన్ అప్పటికే వాళ్ళ చేతిలో ఉండొచ్చు. నొక్కి డబ్బు పోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

(డీటీపీ సెంటర్ నుంచి ఒకరు: అన్నా, నేను క్లీనర్‌కి డబ్బు కట్టి కొన్నా. తీసేస్తే సరిపోతుందా?)

సరిపోదు తమ్ముడూ. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ కొట్టు. "సగం ధరకే ఇస్తాం, ఉండండి" అని ఒకటి రెండు తెరలు వస్తాయి, దాటెయ్. తర్వాత రసీదు ఈమెయిల్ తీసి చూడు. వాటిలో చాలావరకు ఏడాదికోసారి వాటంతటవే రెన్యూ అయ్యే ఒప్పందాలు. ప్రోగ్రాం తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు. యూపీఐతో కట్టుంటే ఆ యాప్‌లోనే ఆటోపే అనే చోట ఉంటుంది, రద్దు చెయ్. కార్డుతో కట్టుంటే ముందు ఆ కంపెనీ అకౌంట్‌లో రెన్యువల్ ఆపు, ఆ తర్వాత బ్యాంకుకి చెప్పి మాండేట్, అంటే ఆ కోతకి నువ్విచ్చిన అనుమతి, తీయించు.